అవతలి గట్టు లైను

ఆ పొద్దున ఆకాశం ఎటూ తేల్చుకోలేకపోయింది. ఎర్రబడవలసిన తూర్పున బూడిదరంగు మబ్బు పరుచుకుని, వాన పడనీయక, ఎండ రానీయక, ఊరి మీద గిన్నె బోర్లించినట్టు కూర్చుంది. ఏటి మీద గాలి లేదు. అవతలి గట్టు ఇళ్ళ వెనక నుంచి ఒక పొగ నిటారుగా లేచి ఆ మబ్బులో కలుస్తోంది. అది పొయ్యి పొగో, మరో పొగో ఇవతల నుంచి చెప్పడం కష్టం.

చుట్లాయన పంపుహౌసు మెట్ల మీద ఆగి దాన్ని కాసేపు చూశాడు. వాల్వు తిప్పేటప్పుడల్లా ఎన్ని చుట్లయ్యాయో పెదవుల కింద లెక్కపెట్టుకుంటాడు కనుక ఆయనకా పేరు పడింది. అసలు పేరు ఆయన భార్యకైనా తడుముకుంటే గాని గుర్తు రాదు.

లోపల గోడగడియారం ఆరుకు రెండు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. ఓల్టుమీటరు ముల్లు మూడువందల డెబ్బై దగ్గర వణుకుతోంది. అంత తక్కువలో మోటారు వేస్తే కాయిలు కాలిపోతుంది. ఆయన స్టార్టరు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"లేచాడంటావా మీ బావ?" అన్నాడు బ్లీచింగ్ బాబాయి బకెట్లో పొడి కలుపుతూ. నీళ్ళలో ఆ పొడి కలపడమే ఆయన ఉద్యోగం. పండగైనా పబ్బమైనా ఒంటి నుంచి అదే వాసన. చుట్లాయన కంటే పదేళ్ళు చిన్నవాడు, అయినా ఊరందరికీ బాబాయే.

"ఆరు కానీ."

ఆరయింది. ముల్లు ఒక్క ఊపు ఊగి, మెట్టు మెట్టుగా ఎక్కి, నాలుగువందల పదిహేను దగ్గర నిలబడింది. చుట్లాయన హ్యాండిలు లాగాడు. మోటారు ముందు మూలిగి, తర్వాత గొంతు సవరించుకుని, అలవాటైన పాట అందుకుంది.

"రోజూ ఈ ముల్లుతో పలకరింపులే. వియ్యం ఖాయం చేసుకున్నారా ఏంటి మీరిద్దరూ?"

"నోర్మూసుకుని పొడి కలుపు."

మోటారుకు కరెంటు అవతలి గట్టు సబ్‌స్టేషను నుంచి వస్తుంది. అవతలి గట్టుకు నీళ్ళు ఈ పంపుహౌసు నుంచి వెళ్తాయి. అక్కడ ఓల్టేజీ పెంచే మనిషిని చుట్లాయన ఎన్నడూ చూడలేదు. "మోటారు వేస్తున్నా బావా", "వెయ్యి బావా" అని ఇరవై ఏళ్ళు ఫోనులో అనుకున్నారు, అంతే. నాలుగు నెలల కింద ఏరు సరిహద్దయింది. వంతెన మీద ముళ్ళకంచె పడింది. ఫోను తీగ తెగింది. ఈ నీళ్ళూ ఆ కరెంటూ మాత్రం, ఎవరూ ఎవరికీ మాటివ్వకుండానే, ఎవరి దారిన అవి పోతున్నాయి.

పదింటికి పంపుహౌసు పక్కనున్న నీళ్ళ ఆఫీసు మేడ మీద గదిలో పాఠం పెట్టారు. సహాయ సంస్థ తరఫున వచ్చిన ఒక అమ్మాయి బొమ్మల చార్టు ఒకటి గోడకు తగిలించింది. నీళ్ళవాళ్ళు, లైన్‌మెన్లు, అంబులెన్సు డ్రైవరు, అందరూ కలిపి పదిహేనుమంది బెంచీల మీద సర్దుకున్నారు.

"యుద్ధానికీ రూల్సుంటాయి," అంది ఆ అమ్మాయి.

"పేకాటకే ఉంటే దానికుండవా," అన్నాడు బాబాయి వెనక నుంచి. గది నవ్వింది.

ఆ అమ్మాయీ నవ్వింది. "పేకాటలో రూలు తప్పితే ఏం చేస్తారండీ?"

"ఆట్లోంచి లేపేస్తాం."

"ఇక్కడ లేపేసేవాళ్ళు వెంటనే రారు. ఆలస్యంగా వస్తారు. ఒక్కోసారి రానే రారు. అయినా రూలు రూలే." చార్టు తిప్పింది. "ఆయుధం పట్టినవాడు వేరు, పట్టనివాడు వేరు. పట్టనివాడి మీద గురి పెట్టకూడదు. పట్టినవాడైనా దెబ్బతిని పడిపోయాడనుకోండి, చేతులెత్తేశాడనుకోండి, ఇక వాణ్ణి కొట్టకూడదు. ఎవరి వాడైనా సరే, వైద్యం చెయ్యాలి, అన్నం పెట్టాలి."

మరో బొమ్మ తిప్పింది. కుళాయి, కింద బిందె. కుళాయి పిడి తప్పు వైపు గీశారని చుట్లాయన గమనించాడు. అలా ఉంటే కట్టడమే కుదరదు.

"పంట, గొడ్డూగోదా, తాగేనీళ్ళు. జనం బతికేది వీటి మీద. వీటిని పాడు చెయ్యకూడదు, ఆపకూడదు. దాహంతో జనాన్ని లొంగదీయకూడదు."

"ఆ నీళ్ళు వాళ్ళ సైనికులూ తాగుతారుగా మేడమ్?" అన్నాడు అంబులెన్సు డ్రైవరు.

"తాగుతారు. జనం కూడా అవే తాగుతున్నంతకాలం ఆపకూడదు."

"మరి వాళ్ళు మనవి ఆపితే?"

"వాళ్ళు తప్పినా మనం తప్పకూడదు."

"అంటే వాడు తొండి ఆడినా మనం నీతిగా ఆడి ఓడిపోవాలన్నమాట," అన్నాడు బాబాయి.

"ఓడిపొమ్మని ఎవరన్నారు బాబాయిగారూ? యుద్ధం చెయ్యొద్దని కూడా అనలేదు. నీళ్ళ జోలికి వెళ్ళొద్దన్నారు, అంతే."

గుమ్మం దగ్గర ఎవరో మెల్లగా చప్పట్లు కొట్టారు. కెప్టెను. ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు. సన్నటి మనిషి, కళ్ళద్దాలు. గొంతు పెద్దది చేయగా ఆయన్ని ఎవరూ వినలేదు. "చాలా బాగా చెప్పారమ్మా. మా వాళ్ళకు కూడా ఒకరోజు చెప్పాలి," అన్నాడు. తర్వాత చుట్లాయన వైపు తిరిగాడు. "మీతో చిన్న పనుంది పెద్దాయనా."

ఇద్దరూ మెట్లు దిగి, పంపుహౌసు ఆవరణ దాటి, వంతెన మొదట్లో ఉన్న వాల్వు గుంట దగ్గరికి వచ్చారు. మీద ఇనుప మూత, చుట్టూ నడుమెత్తు పిట్టగోడ.

"అవతలి గట్టు లైను ఇదేనా?"

"ఇదేనండి."

"మూయడానికి ఎంతసేపు పడుతుంది?"

"పది నిమిషాలండి. మెల్లగా మూయాలి. తొందరపడితే నీళ్ళు వెనక్కి తన్ని పైపు పగులుద్ది."

పనివాడి నోరు కదా, అడగ్గానే చెప్పేసింది. దేనికి జవాబు చెప్పాడో ఆయనకు ఆ తర్వాత గాని తెలిసిరాలేదు.

"అయితే మూసేయండి."

"సార్, ఇప్పుడే కదండి ఆ అమ్మాయి..."

"విన్నాను. మంచి పాఠం." కెప్టెను కళ్ళద్దాలు తీసి జేబురుమాలుతో తుడిచాడు. "మూడు రోజులు. మూడోరోజుకు వాళ్ళే తెల్లగుడ్డ పట్టుకుని ఈ వంతెన మీదికి వస్తారు. ఒక్క తూటా పేలదు. ఎన్ని ప్రాణాలు మిగులుతాయో ఆలోచించండి."

"ఆస్పత్రుందండి అవతల. కాన్పులు చేసేది."

"అందుకే త్వరగా వస్తారు."

చుట్లాయన పంపుహౌసు వైపు తిరిగాడు. "కరెంటు వాళ్ళదండి. వాళ్ళు ఆపితే మన మోటారూ ఆగిపోద్ది."

"జనరేటరు తెప్పించాను." ఆవరణలో లారీ మీద టార్పాలిను కప్పిన యంత్రం ఒకటి ఉంది. కెప్టెను అద్దాలు పెట్టుకుని నవ్వాడు. "ఇంట్లో మీరూ మీ ఆవిడా కదూ? రెండో అంతస్తు. నీళ్ళెక్కవట పాపం. ఇక ఎక్కుతాయిలెండి."

ఇల్లెక్కడో చుట్లాయన ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు.

మూత తీసి, పొడుగాటి ఇనుప కీ దించి, వాల్వు తలకు తగిలించాడు. పిడికి రెండు చేతులూ వేసి గుంట చుట్టూ నడవడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. ఇరవై దాకా తేలిక. అక్కణ్ణించి నీళ్ళు ఇరుకై, గేటు కింద ఈల వేయడం మొదలవుతుంది. ముప్పై రెండు. ముప్పై అయిదు. ఈల సన్నబడి, కీచుమని, ముప్పై ఎనిమిదో చుట్టుకు తెగిపోయింది. ఆ వంతెన మొదట్లో నేల కింద ఎప్పుడూ ఒక పారుడు వినిపిస్తుంటుంది. అలవాటైన చెవికి అది చప్పుడే కాదు. ఇప్పుడు అది లేకపోవడం వినిపించింది.

"కీ ఇతని దగ్గర ఉంచండి," అన్నాడు కెప్టెను, కాపలా జవానును చూపించి. ముప్పై అయిదేళ్ళుంటాయి జవానుకు. పెదాలు పగిలి ఉన్నాయి. కీ తీసుకుని పిట్టగోడకు ఆనించి, దాని పక్కన తుపాకీతో నిలబడ్డాడు.

చుట్లాయన పంపుహౌసులోకి వచ్చి, ఎప్పుడు లైను మూసినా చేసే పనే చేశాడు. ఫోను ఎత్తి, "బావా, మీ లైను మూశాను. బిందెలు పట్టుకోమను," అన్నాడు. అన్నాక గాని ఫోను చచ్చి నాలుగు నెలలైందన్న సంగతి తట్టలేదు. బాబాయి చూశాడు. ఏదో ఒక వేళాకోళం ఆడకుండా ఉండలేనివాడు, బకెట్టు అందుకుని బయటికి వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి మెట్ల మీదే నీళ్ళ చప్పుడు వినిపించింది. వంటగదిలో భార్య కొంగు బిగించి, కుళాయి ముందు పిల్లలా నిలబడి ఉంది. బిందెలు నిండాయి, గిన్నెలు నిండాయి, చెంబులు, సీసాలు, ఆఖరికి పూలు పెట్టుకునే గాజు కూజా కూడా నిండింది.

"చూశారా! పదకొండేళ్ళకి మన మేడెక్కింది గంగమ్మ!" అంది. "ఏం మంత్రమేశారు?"

కింది వాటా ఆవిడ గుమ్మంలో నుంచే కేకేసింది. "అన్నయ్యగారూ, మీ చెయ్యి చల్లగుండా! వీధి వీధంతా మిమ్మల్నే తలుచుకుంటోంది!"

చుట్లాయన చెయ్యి చూసుకున్నాడు. కీ పిడి ఒరుసుకున్న చోట అరచేయి ఎర్రగా కంది ఉంది. భార్య గ్లాసుతో నీళ్ళిచ్చింది.

"దాహం లేదు."

"పొద్దుననగా పోయి ఎండినట్టొచ్చి దాహం లేదంటారేంటి? ఏమైంది?"

"ఏం కాలేదు."

"ఏం కాలేదన్నారంటేనే ఏదో అయినట్టు మీకు." కుళాయి కట్టింది. ఆయన ముఖం కేసి చూస్తూ, మళ్ళీ కొంచెం వదిలి, మళ్ళీ కట్టింది. "ఎవరి నీళ్ళండీ ఇవి?"

ఆయన చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. ఆవిడ నిండిన గిన్నెల మీద ఒక్కొక్కదానికీ మూత వేసుకుంటూ పోయింది.

రెండోనాడు అయిదున్నరకే జనరేటరు లారీ పంపుహౌసు గుమ్మానికి చేరింది. ఇద్దరు సైనికులు తీగలు లాగుతున్నారు. కరెంటు ఇక రాదని అందరికీ నమ్మకం. బాబాయి ఆ యంత్రం చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి చుట్లాయన చెవిలో అన్నాడు. "ఇది మా ఆవిడ కుట్టుమిషను తిప్పడానికి సరిపోద్ది. అదీ జాకెట్ల వరకే."

చుట్లాయన ఓల్టుమీటరు ముందుకు వెళ్ళడానికి భయపడ్డాడు. వెళ్ళాడు. ముల్లు మూడువందల అరవై అయిదు దగ్గర ఉంది. కరెంటు ఉంది. ఆరు కొట్టింది. ముల్లు ఊగి, మెట్టు మెట్టుగా ఎక్కి, నాలుగువందల పదిహేను దగ్గర నిలబడింది.

ఎవరూ కదల్లేదు.

"ఇంకా తెలిసుండదు వాళ్ళకి," అన్నాడు బాబాయి.

"నిన్న పొద్దుగూకేసరికే గొట్టాలు ఎండిపోయుంటాయి. తెలియకేం."

"మరి?"

చుట్లాయన హ్యాండిలు లాగాడు.

తొమ్మిదిన్నరకల్లా ట్యాంకు నిండి పొర్లింది. మామూలుగా మధ్యాహ్నం రెండింటి దాకా మోటారు ఆడితే గాని నిండదు. తాగే నోళ్ళు సగమయ్యాయి మరి. పొర్లిన నీళ్ళు ట్యాంకు కాళ్ళ వెంట జారి, కాలువలో పడి, వీధి వెంట పరుగెత్తాయి. ఒకాయన ఆ నీళ్ళతో బండి కడుక్కున్నాడు. రెండు కుక్కలు తాగినంత తాగి అందులోనే పడుకున్నాయి. చుట్లాయన మోటారు ఆపేశాడు. ఆపగానే అవతల సబ్‌స్టేషను మీటరులో లోడు పడిపోతుంది. నాలుగున్నర గంటలు ముందు. ఎందుకు పడిందో చదువుకోగలిగిన మనిషి ఆ మీటరు ముందు ఉన్నాడు.

మధ్యాహ్నం ఆయన వాల్వు గుంట దగ్గర నిలబడి ఉండగా అవతలి గట్టున ఒక ఆడమనిషి ఇసుకలోకి దిగింది. రెండు చేతుల్లో రెండు పసుపు డబ్బాలు. దాక్కోలేదు, వంగలేదు, సంతకు పోయినట్టు నడిచి వస్తోంది. వంతెన మీది పహరా నుంచి ఒక దెబ్బ పేలింది. ఆమె కాళ్ళ ముందు ఇసుక లేచింది. ఆమె ఆగింది. ఒక డబ్బా కింద పెట్టి, రెండోది నీళ్ళలో ముంచింది. బుడబుడమని నిండడం ఇక్కడికి వినిపించదు, అయినా చుట్లాయనకు వినిపించింది. ఎత్తి చంకన పెట్టుకోబోతుండగా రెండో దెబ్బ పేలింది. డబ్బా పక్క నుంచి నీళ్ళు దారంలా కారాయి. ఆమె డబ్బాను చూసింది, వంతెన కేసి చూసింది. దాన్ని అక్కడే వదిలి, వెనక్కి తిరిగి, వచ్చినంత మెల్లగానూ వెళ్ళిపోయింది.

"కావాలనే డబ్బాని కొట్టాడు," అన్నాడు జవాను. "మావాడు గురి తప్పేవాడు కాదు."

"రేపు కూడా డబ్బానే కొడతాడా?"

జవాను పగిలిన పెదవి తడుపుకున్నాడు. "ఏటి దగ్గరికి ఎవరొచ్చినా కాల్చమన్నారు పెద్దాయనా. ఎవరొచ్చినా, అన్నారు. డబ్బా సంగతి ఎవరూ చెప్పలేదు."

మూడోనాడు ఆరయింది. ముల్లు కదల్లేదు.

ఆరు దాటి ఒక నిమిషం. రెండు నిమిషాలు. చుట్లాయన స్టార్టరు హ్యాండిలు మీద చెయ్యి వేసి చూస్తున్నాడు. మూడు. లోపల ఏదో బరువు దిగుతున్నట్టు తోచింది. ఆపేశారు. వాళ్ళూ ఆపేశారు. ఇక చెల్లుకు చెల్లు. ఆ తోచడం తనకే సిగ్గుగా ఉన్నా, హాయిగా కూడా ఉంది. ఊపిరి వదిలి, హ్యాండిలు మీది చెయ్యి తీసేశాడు.

ఆరూ అయిదుకు ముల్లు ఊగింది. ఒక మెట్టు ఎక్కి ఆగింది. చాలాసేపు ఆగింది. మరో మెట్టు. మళ్ళీ ఆగింది. కొంచెం జారి, మళ్ళీ ఎక్కి, ఆయాసపడుతూ మేడెక్కే మనిషిలా, నాలుగువందల పదిహేనుకు చేరింది.

ఓల్టేజీ పెంచే చక్రం అవతల చేత్తోనే తిప్పాలి. ఎప్పుడో ఫోనులో బావ అన్నాడు. 'మా చక్రం మొండిది బావా. పొద్దున్నే రెండు గ్లాసుల నీళ్ళు పడితే గాని నా చేతికి తిరగదు.' ఆ రోజు ఇద్దరూ నవ్వుకున్నారు.

చుట్లాయన స్టూలు మీద కూర్చున్నాడు.

"ఏమైంది? వెయ్యవేం?" అన్నాడు బాబాయి.

చుట్లాయన లేచి మోటారు వేశాడు. పుస్తకంలో టైము రాసి, ఆలస్యానికి కారణం రాయవలసిన చోటు ఖాళీగా వదిలేశాడు.

తొమ్మిదింటికి కెప్టెను జీపు వచ్చింది.

"ఇంకా ఇస్తూనే ఉన్నారా కరెంటు?" గోడ మీది ముల్లును వేలితో కొట్టి చూశాడు. "చూశారా. భయం. ఆపితే ఏం చేస్తామోనని."

"భయం కాదండి."

"మరి?"

"డ్యూటీ అండి."

కెప్టెను కళ్ళద్దాలు తీశాడు. తుడవడానికి వాటి మీద ఏమీ లేదు. "మీకు తెలుసా ఆ మనిషి?"

"ఎప్పుడూ చూడలేదండి."

"మంచిది." తుడిచి పెట్టుకున్నాడు. "ఆ పాఠాలమ్మాయి నిన్న మా క్యాంపు ముందు మూడు గంటలు నిలబడిందండోయ్, మీ వాల్వు గురించే. బండెక్కించి పంపించేశాం. రోడ్లు బాగాలేవు, ఆడపిల్ల, ఎందుకొచ్చిన గొడవ." జీపు ఎక్కుతూ అన్నాడు. "ఇవాళో రేపో వచ్చేస్తారు వాళ్ళు. ఆస్పత్రిలో నిన్నే మొదలైందట."

ఏం మొదలైందో చెప్పలేదు. జీపు క్యాంపు దారి పట్టింది. క్యాంపు అక్కడికి గంట ప్రయాణం.

పన్నెండు కావస్తుండగా ఆయన చేతికి గుడ్డపేలిక చుట్టుకున్నాడు. "బాబాయ్, రెండో మోటారు కూడా వెయ్యి."

"ఎందుకు? ట్యాంకు నిండే ఉందిగా..." బాబాయి గుడ్డపేలిక చూశాడు. "ఓరి నాయనో. వద్దు. కూర్చున్న కొమ్మ నరుక్కోకు."

"నరకడం మొన్ననే అయింది."

"నాకు ముగ్గురు పిల్లలయ్యా."

"నువ్వు ఇక్కడే ఉండు. అడిగితే నీకేం తెలియదు."

"తెలియకుండానే రెండో మోటారు వేశానా, పిచ్చోడా?" అని గొణుక్కుంటూ బాబాయి స్టార్టరు దగ్గరికి వెళ్ళాడు. వెళ్ళి, చేతులు పంచెకు తుడుచుకుని, హ్యాండిలు లాగాడు.

చుట్లాయన గుంట దగ్గరికి వచ్చి పిట్టగోడకు ఆనించిన కీ అందుకున్నాడు. జవాను చూశాడు.

"ఏం చేస్తున్నావు పెద్దాయనా?"

"తెరుస్తున్నా."

"ఆర్డరుందా?"

"లేదు."

"ఆగు. పెట్టేయ్ కీ." తుపాకీ భుజం నుంచి చేతుల్లోకి వచ్చింది. "నేను కాల్చాల్సొస్తుంది."

చుట్లాయన మూత పక్కకు జరిపి కీ దించాడు. తలకు తగిలిందో లేదో ఆడించి చూసుకున్నాడు. "చుట్లు అయ్యాక కాల్చు. సగంలో ఆపితే గేటు కొట్టుకుని విరిగిపోద్ది. తర్వాత మీ కెప్టెను మూయమన్నా మూసుకోదు."

పిడి మీద బరువు వేశాడు. రెండు రోజులు బిగిసిన గేటు కదల్లేదు. రెండోసారి వేశాడు. కీచుమంది. ఒకటి. గుడ్డపేలిక కింద చర్మం చిట్లింది. రెండు. మూడు. వీపు మీద చూపు ఉన్న చోటు ఆయనకు తెలుస్తోంది, వేలు పెట్టి చూపించగలడు. ఆరు. ఏడు. గేటు కింద ఈల లేచింది. వెనక రేడియో గరగరమంది. జవాను మాట్లాడుతున్నాడు.

"సార్, లైను తెరుస్తున్నాడు సార్... వాల్వాయన... లేదు సార్, వినడం లేదు."

పద్నాలుగు. పదిహేను. భుజం కీలు నిప్పులా మండింది. ఈల బొంగురుపోయి పారుడైంది. నేల కింద నీళ్ళు వంతెన వైపు పరుగు తీశాయి. ఇరవై ఎనిమిది దాకా లెక్క సరిగ్గా ఉంది. అక్కడెక్కడో తప్పింది. ముప్పై ఏళ్ళలో తప్పడం అదే మొదటిసారి. ఇక లెక్కపెట్టకుండా, పిడి దానంతటది ఆగేదాకా తిరిగాడు.

ఆగింది. కీ పైకి లాగి పిట్టగోడకు ఆనించి, దాని పక్కనే నేల మీద కూలబడ్డాడు. అప్పుడు తల తిప్పి చూశాడు. జవాను రేడియో చెవికి పెట్టుకుని ఉన్నాడు. తుపాకీ మూతి నేలకేసి ఉంది.

"చెప్పేశాను," అన్నాడు జవాను. "నా డ్యూటీ అది."

చుట్లాయన తలూపాడు.

రేడియోలో కెప్టెను గొంతు సన్నగా వినిపించింది. అరవడం లేదు. "నువ్వే మూసేయ్. కీ తీసుకుని కుడివైపు తిప్పు."

జవాను పిట్టగోడ కేసి చూశాడు. కీ అతని మోకాలికి జానెడు దూరంలో ఉంది. తడి ఇంకా ఆరలేదు. పిడి మీద నెత్తురు మరక ఉంది. అతను చాలాసేపు దాన్నే చూశాడు.

"కీ కనబడటం లేదు సార్."

గరగర. ఏదో అడిగారు.

"వెతికాను సార్. లేదు సార్."

మళ్ళీ గరగర. "సరే సార్," అని రేడియో కట్టేశాడు. చుట్లాయన వైపు చూడకుండా అన్నాడు. "జీపు బయల్దేరింది. గంటలో వస్తారు."

"గంట," అన్నాడు చుట్లాయన. రెండు మోటార్లు. నిండు ట్యాంకు. ఇంటికి నాలుగు బిందెలు. ఆస్పత్రి తొట్టి పల్లంలో ఉంటుంది కనుక ముందు అదే నిండుతుంది.

బాబాయి పంపుహౌసు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. జవానునూ, కీనీ, చుట్లాయననూ వరసగా చూశాడు. రెండో మోటారు బానే ఉందని చేత్తో సైగ చేశాడు.

వీధి మలుపులో చుట్లాయన భార్య కనిపించింది. చేతిలో క్యారియరు. రోజూ ఆయనే వెంట తెచ్చుకుంటాడు. ఇవాళ వదిలేసి వచ్చాడు. ఆవిడ దగ్గరికి వచ్చి, భర్త చేతికి తడిసిన గుడ్డపేలిక చూసింది.

"ఇంట్లో కుళాయి ఆగిపోయింది," అంది.

"ఆగుద్ది."

ఆవిడ ముఖంలో ఏదో ముడి విడిపోయింది. మొన్న అడిగిన ప్రశ్నకు ఇప్పుడు జవాబు దొరికింది కాబోలు. "మూతలేసి ఉంచానులెండి, నాలుగు రోజులకొస్తాయి," అంది. "కెప్టెను జీపు వస్తుందా?"

"గంటలో."

"అయితే తినండి."

పంపుహౌసు వరండాలో పాత గోనెపట్టా పరిచింది. క్యారియరులో ఇద్దరికి చాలీచాలని అన్నం ఉంది. బాబాయి తన డబ్బా తెచ్చి, అడక్కుండానే అందులో కుమ్మరించాడు. ఆవిడ మూడు పళ్ళేల్లో సర్ది, తలెత్తి గుంట దగ్గరికి చూసింది.

"నువ్వూ రా నాయనా."

"వద్దమ్మా. డ్యూటీ."

"కూర్చుని చేసుకో డ్యూటీ. ఇక్కణ్ణించీ కనబడుద్ది రోడ్డు."

జవాను కాసేపు నిలబడ్డాడు. తర్వాత వచ్చి తుపాకీ గోడకు ఆనించి, బూట్లు విప్పి, పట్టా అంచున కూర్చున్నాడు. ఆవిడ క్యారియరు మూత తిరగేసి దాన్నే నాలుగో పళ్ళెం చేసింది. మూడు పళ్ళేల్లోంచీ తలా ఇంత తీసి అందులో వేసింది. చుట్లాయన కుడిచేయి ముద్ద కలపనీయలేదు. ఆవిడ ఆయన పళ్ళెం తన ముందుకు జరుపుకుని, కలిపి, ముద్దలు చేసి వరసగా పెట్టి తిరిగి జరిపింది. ఆయన ఎడమచేత్తో ఒకటి తీసుకున్నాడు.

నలుగురూ తల వంచుకుని తిన్నారు. రోడ్డు కేసి ఒక్కరూ చూడలేదు. జవాను పళ్ళెం ఖాళీ అయితే ఆవిడ తన దాంట్లో మిగిలింది అతనికి వేసింది. అతను వద్దనలేదు. ఒక్కో మెతుకూ నమిలి, నమిలి, మింగారు. ఎవరూ తొందరపడలేదు.